పూర్తిచేసినను పూర్తికాని కోర్సులు

ఆన్‌లైన్ కోర్సులు చేయువారికి నేడు ఒక కొత్తరకపు దుఃఖము పరిచితమైనది. పాఠములన్నియు చదివి, వీడియోలన్నియు కడముట్ట చూచి, క్విజ్‌లకు సమాధానము లిచ్చి, మంచి మార్కులే తెచ్చుకొని, తుదకు సర్టిఫికెట్ కొఱకు మీట నొక్కబోవు వేళకు, తెరమీది ప్రగతిపట్టీ తొంబది రెండు శాతము దగ్గఱ నిలిచి, ఇక కదలనని భీష్మించును. బయటికి పోయి మఱల లాగిన్ చేసినను అంతే. మొదటి పాఠమునుండి తిరిగి తెఱచినను అంతే. కార్యాలయమువారు పూర్తి కాలేదందురు. చేసిన మనుష్యుడు చేసితి ననును. ఇద్దఱును తమతమ మట్టుకు నిజమే పలుకుచున్నారు. ఆ రెండు నిజములకు నడుమ ఏమి జరుగుచున్నదో, దానిని సరిదిద్దు మార్గమేదో విచారించుట ఈ వ్యాసము చేయు పని.

తెలుగునాట ఈ అవస్థ ఉపాధ్యాయవర్గమునకు బాగుగా తెలిసినది. ఉపాధ్యాయుల ఆన్‌లైన్ శిక్షణకు వాడు దీక్షా వేదికను 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయదినోత్సవమునాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు ప్రారంభించిరి. కరోనా మూలమున బడులు మూతపడిన 2020లో, అంతకు ముందటి యేడు ముఖాముఖిగా ఆరంభమైన నిష్ఠా అను ఉపాధ్యాయశిక్షణ ఆన్‌లైన్ బాట పట్టెను. ఆ బాటలో తొలి యడుగు జూలై 16న ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1200 మంది కీ రిసోర్స్ పర్సన్లది. అక్టోబరునుండి దీక్షా మీద 18 మాడ్యూళ్లు దేశమంతటి ఎలిమెంటరీ ఉపాధ్యాయుల ముందుకు వచ్చినవి. ఇట్టి శిక్షణ నడచు దినములలో పంతుళ్ల వాట్సాప్ గ్రూపులయందు బోధనాపద్ధతులపై చర్చకంటె, "సార్, మీకు హండ్రెడ్ పర్సెంట్ చూపిస్తోందా?" అను ప్రశ్నకే ప్రాచుర్య మెక్కువ యన్నచో అతిశయోక్తి కానేరదు.

మొట్టమొదట ఒక భ్రమ తొలగవలెను. కంప్యూటరు మన చదువును చూచుట లేదు. మన కనులు తెరమీద నున్నవో, లేక వీడియోను నడువనిచ్చి మనము వంటింట పాలు పొంగకుండ కాచుకొనుచుంటిమో దానికి తెలియదు. దానికి తెలిసినవి రెండే: ఎవరో ఒక మనుష్యుడు ముందుగా ఏర్పఱచిన నియమ మొకటి, ఆ నియమమునకు సరిపడు సందేశము తనకు చేరెనా లేదా అనునది రెండవది. రిజిస్టరు చేసిన ఉత్తరము చిరునామాదారునకు చక్కగా అందియుండియు, అతడు సంతకము చేసిన ఎక్నాలెడ్జ్‌మెంటు కార్డు త్రోవలో ఎక్కడనో చిక్కుపడినప్పుడు, పంపినవాని లెక్కలో అది అందని ఉత్తరమే యైనట్లు, చదువు జరిగియు సాక్ష్యము చేరనిచో కోర్సు అసంపూర్ణమే. కావున దోషమును నియమమునందును, సందేశము నడచు త్రోవయందును, చేరిన సందేశములను కూడి లెక్కవేయు యంత్రాంగమునందును వెదకవలెను. విద్యార్థి శ్రద్ధను శంకించుట ఆ మూడును చూచిన పిమ్మటి మాట.

ఈ విషయమును విశదముగా చూచుటకు, ఆన్‌లైన్ కోర్సులు నడుపు మూడిల్ అనువైన ఉదాహరణము. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరవాసి మార్టిన్ డూజియామస్ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ తొలి సంపూర్ణరూపము 2002 ఆగస్టులో వెలువడెను. దీని మూలము బహిరంగము. ఎవరైనను ఉచితముగా తమ సర్వర్‌మీద పెట్టుకొనవచ్చును. అందుచేత విశ్వవిద్యాలయములు మొదలు చిన్న శిక్షణాసంస్థల వఱకు దీనిని వాడుచున్నవి. కాని పాఠము ప్రక్కన పూర్తియైనట్లు టిక్కు పెట్టు ఏర్పాటు దీనికి పుట్టుకతో వచ్చినది కాదు. 2010 నవంబరులో వచ్చిన 2.0 సంచికతో అది చేరెను. మొదటి ఎనిమిదేండ్లు అది లేకయే పాఠములు చెప్పినవారు, చదివినవారు నుండిరి!

మూడిల్‌లో ప్రతి పాఠాంశమునకును పూర్తియగుటకు షరతులు వేఱువేఱుగా పెట్టవచ్చును. విద్యార్థియే స్వయముగా టిక్కు పెట్టుకొనుట ఒకటి. పేజీని తెఱచినంతనే పూర్తియైనట్లు భావించుట ఒకటి. మార్కు వచ్చినపుడు, లేక ఉత్తీర్ణతమార్కు వచ్చినపుడు మాత్రమే పూర్తియైనట్లు లెక్కించుట మఱియొకటి. ఇవి యన్నియు అంశములకు చెందిన షరతులు. కోర్సు మొత్తము పూర్తియగుటకు షరతులు వేఱొక పుటలో, వేఱుగా నిర్ణయింపవలెను. ఈ రెండంతస్తుల ఏర్పాటే సగము తికమకలకు మూలము. అంశములన్నిటి ప్రక్కను టిక్కులు మెఱయుచుండును. కోర్సు మాత్రము పూర్తియైనట్లు నమోదు కాదు. ఏలయన కోర్సు నిర్వాహకుడు రెండవ పుటను తెఱచియే యుండడు, లేదా అక్కడ ఏ అంశమును ఎన్నుకొనియుండడు. విద్యార్థి వంద పర్యాయములు తిరిగి చదివినను ఈ దోషము పోదు.

శాతము లెక్కయు ఇట్టిదే. మూడిల్ చూపు ప్రగతిశాతము శ్రమను కొలుచునది కాదు. షరతు పెట్టిన అంశములలో ఎన్ని పూర్తియైనవను భాగహారము మాత్రమే. గంటసేపు సాగు ఉపన్యాసమును, రెండు పంక్తుల ప్రకటనయు ఆ లెక్కలో సమానము. పది అంశముల కోర్సులో తొంబది శాతమున నిలిచినవాడు, తాను ముఖ్యపాఠ మేదియో విడిచితినని కంగారుపడి పెద్ద పాఠములను తిరుగవేయును. విడిచినది తఱచుగా చివరనున్న అభిప్రాయపత్రమో, తెఱవకయే దాటిన స్వాగతవాక్యమో అయియుండును. కోర్సు నడుమ నిర్వాహకుడు కొత్త అంశమును చేర్చినచో హారము పెరిగి, నిన్న నూరు చూపినవానికి నేడు తొంబదియైదు చూపును. అప్పుడు విద్యార్థి తన కనులనే నమ్మజాలడు.

క్విజ్‌లయందలి చిక్కులు ప్రత్యేకముగా చెప్పదగినవి. మూడిల్ క్విజ్‌లో చివరి ప్రశ్నకు సమాధాన మిచ్చి ముగింపు మీట నొక్కినంతమాత్రమున పని తీరదు. సమాధానముల పట్టిక యొకటి వచ్చును. దాని క్రింద అన్నిటిని సమర్పించు మీట వేఱుగా నుండును. అది నొక్కినపిదప నిశ్చయమేనా యని ఇంకొక ప్రశ్న. పట్టికను చూచి ఇక అయిపోయినదని కిటికీ మూసినవారి ప్రయత్నము అసమర్పితముగా మిగిలిపోవును. వ్యాసరూపప్రశ్న యొకటి యున్నచో గురువు దిద్దువఱకు పూర్తి మార్కు రాదు; మార్కు రానిచో మార్కుమీద ఆధారపడిన టిక్కును రాదు; ఇక్కడ ఆలస్యము గురువుది, నింద శిష్యునిది. చివరి ప్రయత్నపు మార్కునే గ్రహించు పద్ధతి పెట్టియున్నచో, మొదట ఉత్తీర్ణుడై, ఇంకను మెఱుగుపఱచుకొందమని రెండవసారి వ్రాసి తక్కువ తెచ్చుకొన్నవాడు తన ఉత్సాహమునకు మూల్యము చెల్లించును.

ఇక సందేశముల త్రోవను గూర్చి. మూడిల్‌లోనే తయారైన పాఠములకంటె, బయట తయారుచేయించి తెచ్చి పెట్టిన పాఠములతో, అనగా బొమ్మలు, సంభాషణలు, మీటలు గల ప్యాకేజీలతో చిక్కులెక్కువ. అవి పలుసంస్థల వేదికలమీద ఒకే తీరున నడచుటకు స్కార్మ్ అను ప్రమాణము కలదు. దీని పూర్వకథ ఆసక్తికరమైనది. కంప్యూటరు శిక్షణలో ఏకరూపత కావలెనని మొదట తహతహపడినవారు విమానయానరంగమువారు. 1988లోనే వారు అందుకొక సంఘమును పెట్టుకొనిరి. పిమ్మట అమెరికా రక్షణశాఖ 1997 ప్రాంతమున ఆరంభించిన ఏడీఎల్ కార్యక్రమము ఆ పనిని విస్తరింపజేసి, 2000 జనవరిలో స్కార్మ్ తొలిరూపమును, 2001 అక్టోబరులో 1.2 సంచికను, 2004లో మఱింత పెద్ద సంచికను ప్రకటించెను. వింత యేమన, ఇన్నేండ్లు గడచినను 2001 నాటి 1.2 నేటికిని విరివిగా వాడుకలో నున్నది. మూడిల్ పూర్తిగా సమర్థించునదియు అదియే.

ఆ 1.2లో పాఠముయొక్క స్థితిని తెల్పుటకు ఒకే యొక గడి కలదు. అందులో పెట్టదగిన విలువలు ఆరే: ఉత్తీర్ణము, సంపూర్ణము, అనుత్తీర్ణము, అసంపూర్ణము, తిరుగవేసినది, మొదలుపెట్టనిది. ఉత్తీర్ణతయు సంపూర్తియు రెండు వేఱువేఱు సంగతులని మనకు తెలియును. తప్పినవాడును పుస్తకము చివరివఱకు చదివియుండవచ్చును. కాని గడి యొకటే గావున ప్యాకేజీ ఏదో యొక విలువనే వ్రాయగలదు. ఇక్కడ నిర్వాహకుడు మూడిల్‌లో "సంపూర్ణము" అను విలువ వచ్చినపుడే టిక్కు పెట్టుమని ఆదేశించెను. అక్కడ ప్యాకేజీ విద్యార్థి విజయమునకు సంతోషించి "ఉత్తీర్ణము" అని వ్రాసెను. ఇద్దఱిదియు ఒప్పే, టిక్కు మాత్రము రాదు. ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నవారే అసంపూర్ణులుగా మిగులు ఈ విపరీతమునకు మందు నిర్వాహకుని చేతిలో నున్నది: రెండు విలువలను అంగీకరించునట్లు షరతును సవరించుట. ఈ లోపమును గుర్తించియే 2004 సంచికవారు సంపూర్తికి ఒక గడిని, ఉత్తీర్ణతకు వేఱొక గడిని ఏర్పఱచిరి.

మఱల తిరిగివచ్చినపుడు ఆగినచోటినుండియే ఆరంభించుటకు ప్యాకేజీ కొంత సమాచారమును దాచుకొనును. 1.2లో దీనికిచ్చిన చోటు 4096 అక్షరములు. సుదీర్ఘమైన పాఠము, ప్రతి మీట నొక్కుడును వ్రాసిపెట్టుకొనునదియైనచో, ఆ చోటు నిండిపోయి, తరువాతి దినమున విద్యార్థి పాఠమును తెఱచినపుడు ఎప్పటిదో పాత పుట ఎదురగును. అట్టి పాఠమును నాలుగైదు చిన్న పాఠములుగా విడగొట్టుట తప్ప సులువైన ఉపాయము లేదు.

పాఠము వేఱొక కిటికీలో తెఱచుకొనునపుడు అది తనను తెఱచిన వేదికను వెదకికొని మాటలు కలుపవలెను. ఆ వేదిక దానికి దొరకకున్నచో పాఠము యథావిధిగా నడచును, నమోదు నడువదు. చూచువానికి తేడాయే తెలియదు. పాఠములోనే యున్న నిష్క్రమణ మీటను విడిచి కిటికీమూల గుర్తు నొక్కినచో ముగింపు సందేశము ఒక్కొక్కప్పుడు బయలుదేరకయే ఆగిపోవును. చాలసేపు ఏమియు నొక్కక చదువుచు కూర్చున్నచో లాగిన్ గడువు తీరిపోవుట, ఒకే కోర్సును రెండు ట్యాబులలో తెఱచుట, నడుమ నెట్ పోవుట, ఇతరస్థలమున నున్న పాఠమునకు కావలసిన కుకీలను బ్రౌజరు అడ్డగించుట—సఫారీ 2020 మార్చినుండి ఇది తనంతట తానే చేయుచున్నది—ఇవియన్నియు ఈ కోవలోనివే.

సందేశము చేరినంతనే టిక్కు పడునని నమ్ముటకును లేదు. సర్వర్‌లో క్రాన్ అను నేపథ్యకార్యము నియతకాలమున మేల్కొని, పేరుకొన్న పనులను చక్కబెట్టుచుండును; కోర్సు పూర్తియైనదా లేదా యని తేల్చు లెక్క సాధారణముగా దానికే అప్పగింపబడినది. నిమిషమునకొకసారి అది నడువవలెనని మూడిల్ వారి సలహా. కొన్ని సంస్థలలో సర్వర్ మార్చినపుడు దీనిని తిరిగి నెలకొల్పుట మఱచుదురు. అంశముల టిక్కులు వెంటనే పడుచుండుటచే అంతయు బాగుగనే యున్నట్లు తోచును. కోర్సు పూర్తియైనవారి జాబితా మాత్రము ఒక తేదీవద్ద ఆగిపోయియుండును. దీక్షా యాప్‌లో ఆలస్యమునకు కారణము మఱియొకటి: డౌన్‌లోడ్ చేసికొన్న పాఠమును నెట్ లేనిచోట చదివినచో లెక్క ఫోనులోనే నిలిచి, సిగ్నల్ దొరికినపిదప వేదికకు చేరును, త్వరపెట్టుటకు ప్రగతిని సింక్ చేయు మీట కలదు. యాప్‌ను తీసివేసి మఱల ఎక్కించుట అనెడి సర్వరోగనివారిణిని ప్రయోగించుటకు మునుపు ఆ మీట నొక్కుట మేలు. లేనిచో చేరని లెక్క ఫోనుతోనే చెఱిగిపోవు ప్రమాదము కలదు.

ఇన్ని కారణములలో ఏది నిజమో కనుగొనుట ఎట్లు? సమర్థుడైన నిర్వాహకుడు మొదట సెట్టింగుల జోలికి పోడు. ఎవరికి, ఎక్కడ, ఎప్పటినుండి అని అడుగును. అందఱికిని ఒకే పాఠము దగ్గఱ ఆగుచున్నచో ఆ పాఠపు షరతో ప్యాకేజీయో చూడవలెను. ఒక తేదీనుండి అందఱికిని అన్ని కోర్సులలోను ఆగినచో క్రాన్‌ను శంకింపవలెను. ఒక్కనికే అన్నిచోట్లను రాకున్నచో అతని ఖాతాయే సమస్య: ఒకసారి జీమెయిల్‌తో, మఱియొకసారి ఫోన్ నంబరుతో లాగిన్ చేసి, చదువును రెండు ఖాతాలకు పంచియుండును; దీక్షాలో నైనచో బ్యాచ్‌లో చేరకయే పాఠములు చూచియుండును. ఒక్కనికి ఒక్క పాఠమున మాత్రమే రాకున్నచో, అప్పుడే త్రోవలో పోయిన సందేశమును గూర్చి ఆలోచింపవలెను. ఈ మూడు ప్రశ్నలకు పట్టునది కొద్ది నిమిషములే. వీనిని విడిచి విద్యార్థిచేత కోర్సంతయు తిరిగి చేయించు కార్యాలయములకు ఆ కొద్ది నిమిషములు ఎట్లు దొరకవో నాకు బోధపడదు.

వేదికను గురువులు స్వయముగా పరీక్షించి చూచుటయందు ఒక విశేషదోషము కలదు. మూడిల్ సాధారణముగా విద్యార్థి పాత్రలో చేరినవారి సంపూర్తినే లెక్కించును. గురువు తన ఖాతాతోనే పాఠము తెఱచి, "నాకును టిక్కు రాలేదు, వేదికయే చెడినది" యని ఘోషించినచో అది ప్రమాణము కాదు. తన దృశ్యమును విద్యార్థి దృశ్యముగా మార్చుకొని చూచుటయు చాలదు. పరీక్ష కొఱకు ఒక విద్యార్థి ఖాతాను సృష్టించి, కోర్సులో చేర్చి, ఆరంభమునుండి సర్టిఫికెట్ వఱకు నడచి చూచుట యొక్కటే నమ్మదగినది. కోర్సును అందఱికి తెఱచుటకు మునుపే ఈ పని జరుగవలెను.

సవరణలో చేయి తొందరపడరాదు. షరతులు ఒకసారి వాడుకలోనికి వచ్చినపిదప మూడిల్ వానిని తాళము వేసి యుంచును. తాళము తీసి మార్చబోవునపుడు పాత నమోదులు తొలగునని హెచ్చరించును. మార్కులవంటి ఆధారమున్న టిక్కులను అది తిరిగి లెక్కవేయగలదు. విద్యార్థులు తమ చేతితో పెట్టుకొన్న టిక్కులకు వేఱొక ఆధారము లేదు గావున అవి పోయినచో పోయినట్లే. ఒక్కని ఫిర్యాదును తీర్చబోయి మూడువందలమంది నమోదును చెఱిపివైచుట ఇట్లు జరుగును. ఒక్కని సమస్యకు ఒక్కని నమోదునే సవరించు సౌకర్యము సంపూర్తి నివేదికలో గురువునకు కలదు. అతడు ఏ దినమున, ఏ వేళకు, ఏ పుటను తెఱచెనో, ఏ క్విజ్‌ను సమర్పించెనో వేదిక దినచర్యాచిట్టాలైన లాగులయందు వ్రాయబడియుండును. ఆ సాక్ష్యమును చూచి టిక్కు పెట్టుటలో అధర్మ మేమియు లేదు.

ఇంతవఱకు చెప్పినది చేసినవానికి రాని టిక్కును గూర్చి. చేయనివానికి వచ్చు టిక్కు సంగతి యెవరును ఎత్తరు. దానిమీద ఫిర్యాదు చేయువాడు పుట్టలేదు గదా! పేజీ తెఱచినంతనే పూర్తియనెడి షరతు పెట్టిన కోర్సులో, ఒక్కొక్క పాఠమును తెఱచి మూసివైచినవాడు పావుగంటలో నూరు శాతము సాధించును. నివేదిక నిండుగా నుండును, అధికారులు తృప్తిపడుదురు. నా దృష్టిలో ఇది మొదటిదానికంటె పెద్ద దోషము. ఆన్‌లైన్ కోర్సులు నడుపు ఎన్పీటెల్ వారు ఈ విషయమున వివేకము చూపిరి: వారి సర్టిఫికెట్ వీడియో చూచితివా అను ప్రశ్నమీద ఆధారపడదు. పండ్రెండు వారముల కోర్సులో ఉత్తమమైన ఎనిమిది అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షాకేంద్రమునకు పోయి వ్రాయు పరీక్షకు 75; మొదటిదానిలో 10, రెండవదానిలో 30 తెచ్చుకొన్నవాడే అర్హుడు. ప్రగతిపట్టీ ఎక్కడ ఆగినను అక్కడ చింత లేదు.

నియమమును పెట్టినది సంస్థ, సందేశమును మోయునది సంస్థ ఎన్నుకొన్న సాఫ్ట్‌వేర్, లాగులు చూడగలవాడు సంస్థ నియమించిన నిర్వాహకుడు. ఇట్లుండగా పూర్తిచేసినట్లు ఋజువు చూపుమని విద్యార్థిని నిలదీయుట న్యాయము కాదు. ఆ న్యాయము అమలగువఱకు చదువరులు తమ జాగ్రత్తలో తామున్న మేలు: ఒకే ఖాతాతో లాగిన్ కండు, పాఠములోని నిష్క్రమణ మీటతోనే బయటికి రండు, క్విజ్ సమర్పించిన పిదప మార్కు పుటను తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి యుంచుకొనుడు, దీక్షా కోర్సైనచో బ్యాచ్ ముగియు తేదీకి కొన్నాళ్లు ముందుగనే శాతమును సరిచూచుకొనుడు, ఏలయన బ్యాచ్ ముగిసినపిదప చదివిన చదువు ఆ బ్యాచ్ లెక్కలో చేరదు.